ఖాళీ నెలల ఆట

స్పెయిన్ దక్షిణ తీరాన మాలగా ప్రాంతంలో డెబ్బై దాకా గోల్ఫ్ కోర్సులున్నాయి. దానికి పడమటగా, పోర్చుగల్‌లోని అల్గార్వ్ తీరంలో నలభై దాకా ఉన్నాయి. ఎండాకాలంలో సముద్రస్నానాలకు అక్కడికి వెళ్లే జనం గురించి లోకానికంతా తెలుసు. చలి మొదలయ్యాక బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ, స్వీడన్‌ల నుంచి పొడుగాటి సంచుల్లో గోల్ఫ్ కర్రలు వేసుకుని దిగే జనం గురించి మనకు తెలిసింది తక్కువ. వాళ్లు విమానం టికెట్టు, వారం రోజుల బస, నాలుగైదు ఆటలు అన్నీ కలిపి ఒకే ధరకు కొనుక్కుని వస్తారు. ఆ తీరాల ఆర్థిక జీవితంలో ఇది పెద్ద వాటా. అటువంటి విడుదులు తమిళనాడులోని కంబం లోయకు, పళని కొండలకు, మదురై–కోయంబత్తూరు ప్రాంతానికి నప్పుతాయా అన్నది ఇక్కడి ప్రశ్న. ఆ లోయలోని చిన్నమనూరు నుంచి చూస్తే సరంజామా అంతా ఉన్నట్టే కనిపిస్తుంది: పడమట కొండలు, ముల్లైయాఱు నీళ్లు, పచ్చటి మాగాణి, మేఘమలైకి ఎక్కే ఘాట్ రోడ్డు, రెండు మూడు గంటల దూరంలో మదురై విమానాశ్రయం. సరంజామా ఉన్నంత మాత్రాన వ్యాపారం నడవదని నా వాదన. గోల్ఫ్ విడిది బతికేది క్యాలెండరు మీద. హోటలు గదులు ఖాళీగా ఉండే నెలలు, ఆడేవాళ్లకు సొంత ఊళ్లో ఆట సాగని నెలలు, నేలకు నీటి కటకట లేని నెలలు — ఈ మూడూ ఒకచోట కలిస్తేనే అది విడిది. కలవని చోట అది ఇళ్ల స్థలాల అమ్మకంగా మారుతుంది.

ఆ తీరాల చరిత్ర చూస్తే ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది. టొర్రెమొలినోస్ దగ్గర 1925లోనే ఇంగ్లీషు రూపశిల్పి హ్యారీ కోల్ట్ గీసిన కోర్సు ఒకటి ఉండేది. అయినా నలభై ఏళ్ల పాటు అది కొద్దిమంది దొరల వేడుకగానే మిగిలింది. అసలు కదలిక 1960లలో వచ్చింది. 1964లో సోటోగ్రాండేలో అమెరికన్ రూపశిల్పి రాబర్ట్ ట్రెంట్ జోన్స్ కోర్సు మొదలైంది. 1965లో అల్గార్వ్‌కు ఫారో విమానాశ్రయం వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1966లో, బ్రిటిష్ ఓపెన్‌ను మూడుసార్లు గెలిచిన హెన్రీ కాటన్ గీసిన పెనీనా కోర్సు తెరుచుకుంది. పెనీనా కథ మన లోయవాళ్లు ప్రత్యేకంగా గమనించవలసినది, ఎందుకంటే అది ఒకప్పటి వరి మడుల మీద వేసిన కోర్సు. నేల చదునుగా, తడిగా, చెట్టన్నది లేకుండా ఉండేది. నీటిని పీల్చుకోవడానికీ, ఆటకు అడ్డంకులు కల్పించడానికీ కాటన్ వేలకొద్దీ చెట్లు నాటించాడు. వరి పొలాన్ని పచ్చికగా మార్చడం సాధ్యమేనని, దాని మీద అరవై ఏళ్ల వ్యాపారం నడపవచ్చని పెనీనా రుజువు చేసింది. అందుకే ఆ ఉదాహరణను కొట్టిపారేయకూడదు. అయితే అక్కడ ఏది ముందు వచ్చింది, ఏది వెనక వచ్చిందన్నది చూడాలి. ముందు విమానం, తీరం వెంట హోటలు గదులు. వాటిని చలికాలంలో నింపుకోవలసిన అవసరం ఆ వెనకే పుట్టింది. జూలై, ఆగస్టుల్లో సముద్రం గదులన్నీ నింపుతుంది. మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరుల్లో గోల్ఫ్ నింపుతుంది. దాదాపు ఆ నెలల్లోనే ఉత్తర ఐరోపాలో చాలా మైదానాలు చలిలోనో బురదలోనో మంచు కిందో ఉంటాయి. 1997లో అమెరికా–ఐరోపా జట్ల మధ్య జరిగే రైడర్ కప్ తొలిసారి ఐరోపా ప్రధాన భూభాగానికి, సోటోగ్రాండే పక్కనే ఉన్న వాల్డెరామాకు వచ్చేసరికి అక్కడ అన్‌సీజన్ అన్న మాటకు దాదాపు అర్థం లేకుండా పోయింది. తుర్కియేలో అంటాల్యా పక్కన బెలెక్ తీరంలోనూ ఇదే క్రమం. అక్కడ 1994లో నేషనల్ గోల్ఫ్ క్లబ్ తెరిచేనాటికే బీచి హోటళ్లు, చార్టర్ విమానాలు సిద్ధంగా ఉన్నాయి, చలికాలమే బోసిగా ఉండేది.

మన దేశానికి ఈ ఆట ఐరోపా ప్రధాన భూభాగం కంటే ముందే వచ్చింది. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ 1829లో పుడితే, ఫ్రాన్సులోని పో పట్టణంలో 1856లో పుట్టింది. ఇంత పాత చరిత్ర ఉండి కూడా ఇక్కడ గోల్ఫ్ విడిది అన్నది ఎందుకు ఎదగలేదన్న ప్రశ్నకు కొడైకెనాల్ మంచి జవాబు. కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్ 1895లో మొదలైంది. అదే ఏడు అక్టోబరులో మద్రాసు గవర్నరు వెన్‌లాక్ పెరియార్ ఆనకట్టను ప్రారంభించాడు. పడమటికి పోయే నదిని తూర్పుకు తిప్పి మన లోయలోకి నీళ్లు దింపిన పెన్నీక్విక్ ఇంజినీర్ల బృందమూ, కొండమీద చల్లగాలిలో బంతిని కొట్టుకున్న దొరలూ ఒకే ప్రభుత్వపు మనుషులు. కానీ ఆ రెండు పనులకూ లెక్కలు వేరు. నీరు రైతు కోసం, రెవెన్యూ కోసం. గోల్ఫ్ మే నెల ఎండ నుంచి పారిపోయి వచ్చిన అధికారుల కాలక్షేపం కోసం. ఊటీ, వెల్లింగ్టన్ కోర్సులూ అలా పుట్టినవే. అవి వానతో పెరిగే గడ్డి మీద, సభ్యుల చందాలతో, చిన్న ఎత్తున నడిచాయి. ఇప్పటికీ కొడై కోర్సులో అడవిదున్నలు గుంపులుగా మేస్తూ ఉంటాయి. ఆడేవాళ్లు అవి పక్కకు తప్పుకునే దాకా ఆగుతారు. ఇంత నిదానమైన ఏర్పాటును చూపించి, గోల్ఫ్ వల్ల కొండలకు ఏ చేటూ జరగలేదు కదా అనేవాళ్లున్నారు. నిజమే, జరగలేదు. ఎందుకంటే అది ఎన్నడూ పర్యాటక వ్యాపారం కాలేదు.

ఇప్పుడు మన క్యాలెండరు. అల్గార్వ్‌లో ఖాళీ నెలలు ఎక్కడున్నాయో, మన కొండల్లో అక్కడ లేవు. మదురై, చెన్నై, కోయంబత్తూరుల్లో ఆడేవాళ్లకు ఎండ వల్ల ఆట సాగనిది ఏప్రిల్, మే నెలల్లో. అంటే వాళ్లు కొండకు రావాలనుకునేది ఆ నెలల్లోనే. ఆ నెలల్లో కొడైకెనాల్, ఊటీలలో కాలు పెట్టే చోటుండదు. రద్దీ ఎంత ముదిరిందంటే, 2024 మే 7 నుంచి ఆ రెండు ఊళ్లకూ వెళ్లే బండ్లకు ఈ-పాస్ ఉండాలని మద్రాసు హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. గదులు నిండి, రోడ్లు నిండి, కోర్టు జోక్యం చేసుకున్న చోట మరో ఆకర్షణను తెచ్చి పెట్టడం ఎవరికి లాభం? పోనీ కింద, లోయలో చూద్దాం. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, నిజమే. కానీ అది అయ్యప్ప సీజను. తేని, చిన్నమనూరు, కంబం, కుమిళి దారి మండలం నుంచి మకరజ్యోతి దాకా నల్లబట్టల భక్తులతో నిండిపోతుంది. తమిళనాడు బండ్లతో పాటు ఆంధ్ర, తెలంగాణ బస్సులూ ఈ దారినే కనబడతాయి. రద్దీ పెరిగితే పోలీసులు కంబం వైపు ట్రాఫిక్‌ను ఒక్క దిక్కుకే మళ్లిస్తారు. మేలో వీరపాండి గౌమారియమ్మ జాతర, తమిళ ఆడి నెల శనివారాల్లో చిన్నమనూరు పక్కనే ఉన్న కుచ్చనూరు శనీశ్వరుని గుడి. ఈ లోయ పర్యాటకం లేక అలమటించడం లేదు. దాని పర్యాటకానికి భక్తి అని పేరు, అంతే. ఆ యాత్రికుడికి కావలసింది చవక గది, వేడి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, బండి నిలుపుకోవడానికి చోటు. వాటిలో లోటు ఉన్నంతకాలం ఆటమైదానం గురించి మాట్లాడటం కాస్త తొందరే.

ఖాళీ గది లేని చోట గోల్ఫ్ ఏమవుతుందో తెలుసుకోవడానికి ఐరోపా దాకా వెళ్లనక్కర్లేదు. నూలు మిల్లులతో, పంపుసెట్లతో పైకొచ్చిన కోయంబత్తూరుకు చెట్టిపాళయంలో ఒక గోల్ఫ్ క్లబ్ ఉంది. అది మెట్ట నేలలో వేసిన కోర్సు, పరిశ్రమల యజమానులూ అధికారులూ ఆడే చోటు. ఊరి సంపద దాన్ని పోషిస్తుంది. పర్యాటకం మీద అది ఆధారపడదు. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గర్లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. తీరమూ ఎండా రెండూ ఉన్నా, అల్గార్వ్ తరహా విడిది అక్కడ మొలవలేదు. హైదరాబాదు కథ మరీ స్పష్టం. గోల్కొండ నయాఖిల్లా లోపల పరిచిన కోర్సు వారసత్వ కట్టడాల పరిరక్షకులతో ఏళ్ల తరబడి తగాదా అయింది. మణికొండ దగ్గర బౌల్డర్ హిల్స్ కోర్సు అసలు ఒక టౌన్‌షిప్‌లో భాగంగా వచ్చింది. 2000ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకూ, దుబాయికి చెందిన ఎమార్‌కూ మధ్య కుదిరిన ఒప్పందాల్లో గోల్ఫ్‌తో పాటు విల్లా స్థలాలు, హోటలు, సమావేశ మందిరం ఉన్నాయి. ప్రభుత్వ వాటా తగ్గిపోయిందని, స్థలాల అమ్మకంలో అక్రమాలు జరిగాయని ఆరోపణలు వచ్చి, 2011లో సీబీఐ కేసు నమోదు చేసింది. ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. మన చర్చకు కావలసింది ఒక్కటే: ఆ రగడ అంతా విల్లా స్థలాల చుట్టూ తిరిగింది, బంతి చుట్టూ కాదు. గోల్ఫ్ కోర్సు అనేది స్థలాల పక్కన పెట్టే పచ్చటి గోడ. ఆ గోడ ఉంటే పక్క గజానికి ధర పెరుగుతుంది.

స్పెయిన్ కూడా ఈ రోగం నుంచి తప్పించుకోలేదు. మాలగా, అల్గార్వ్‌ల విజయం చూసి, ముర్సియా ప్రాంతంలో 2000లలో పెద్ద ఎత్తున గోల్ఫ్ నివాసాలు లేచాయి. పోలారిస్ వరల్డ్ అనే సంస్థ జాక్ నిక్లాస్ పేరుతో కోర్సుల వరసే వేసి వాటి చుట్టూ వేల ఇళ్లు కట్టింది. 2008 ఆర్థిక సంక్షోభంతో కొనేవాళ్లు మాయమయ్యాక ఆస్తులు బ్యాంకుల చేతికి పోయాయి. ముర్సియా తాగే, పారించే నీటిలో పెద్ద భాగం 1979 నుంచి తాహో నది నుంచి కాలువలో వస్తుందన్నది ఈ కథలో చిన్న విషయం కాదు. పరాయి నది నీటితో బతికే ప్రాంతం పచ్చిక పేరుతో ఇళ్లు కట్టుకుంది. మన లోయలో ఉన్నదీ పరాయి నది నీరే. 1886లో తిరువాన్కూరు సంస్థానంతో 999 ఏళ్లకు కుదిరిన గుత్త మీద అది వస్తోంది. ఆనకట్టలో నీరు ఎన్ని అడుగులు నిలపవచ్చన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2014లో 142 అడుగులని ఖాయమయినా, కేరళతో మాట మాట రావడం ఇంకా ఆగలేదు.

నీటి విషయంలో గోల్ఫ్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా దాటవేయలేం. మధ్యధరా తీరంలో ఒక 18 హోల్స్ కోర్సుకు ఏడాదికి మూడు లక్షల ఘనపు మీటర్ల చుట్టూ నీరు పడుతుందని సాధారణంగా లెక్కగడతారు. యాభై హెక్టార్ల పచ్చిక అనుకుంటే హెక్టారుకు ఆరు వేల ఘనపు మీటర్లు. వరికి ఒక్క పంటకే దీనికి రెట్టింపు కావాలి. రెండు పంటలకు నాలుగు రెట్లు. మన ఎండకు పచ్చిక ఇంకాస్త ఎక్కువ తాగుతుందనుకున్నా, కంబం లోయలో పెరియార్ నీటితో రెండు పంటలు పండే 14,707 ఎకరాల్లో ఓ నూటయాభై ఎకరాలు పచ్చికగా మారితే నీరు మిగులుతుందే గాని తరగదు. కాగితం మీద ఈ లెక్క తప్పు కాదు. తేడా నీరు ఎంత అన్నదానిలో లేదు, ఎప్పుడు అన్నదానిలో ఉంది. వరి ఆనకట్ట మాట వింటుంది. మట్టం బాగుంటే జూన్ 1న నీరు వదులుతారు, రైతు నారు పోస్తాడు. మట్టం లేకపోతే ఆలస్యమవుతుంది, మరీ కరువైతే ఆ కారు మడి బీడు పడుతుంది. నష్టం పెద్దదే, కానీ మడి చావదు, మరుసటి ఏడు మళ్లీ పండుతుంది. గోల్ఫ్ గ్రీన్ బీడు పడటానికి వీల్లేదు. మే నెలలో పది రోజులు నీరు ఆపితే లక్షలు పోసి పెంచిన గడ్డి చస్తుంది. అందువల్ల కోర్సు యజమాని అడిగేది తక్కువ నీరే అయినా, ఆగని నీరు. మట్టం అడుగంటే వేసవి నెలల్లో ఆ ఆగని నీటిని ఎవరి వాటా నుంచి తీస్తారు? ఆ నెలల్లో లోయలో ఉన్నది తాగునీరే. లోయర్ క్యాంపు నుంచి మదురై నగరానికి గొట్టాల్లో నీరు తీసుకెళ్లే పథకానికే ఇక్కడి రైతులు ఎదురు తిరిగారు. మదురై గొంతు తడపడానికే ఒప్పుకోని చోట పచ్చిక తడపడానికి ఒప్పుకోమని అడగడం కష్టం. పాండ్య రాజుల భూదానాల రాగిరేకులు దొరికిన ఊరు చిన్నమనూరు. హద్దుల తగాదా ఇక్కడ వెయ్యేళ్ల నాటిది, నీళ్ల తగాదా అంతకంటే పాతదై ఉండాలి. అల్గార్వ్ కూడా ఈ చిక్కులో పడింది. 2024 ఆరంభంలో జలాశయాలు అడుగంటినప్పుడు పోర్చుగల్ ప్రభుత్వం వ్యవసాయానికి 25 శాతం, పర్యాటకం సహా పట్టణ వాడకానికి 15 శాతం కోత ప్రకటించింది. రైతుకు ఎక్కువ కోత, పచ్చికకు తక్కువ కోత ఏమిటని అక్కడి తోటల యజమానులు మండిపడ్డారు. వసంతంలో వానలు పడి కోత సడలింది గాని, ఎవరి నీరు ముందు కోస్తారన్నది అందరికీ కనబడిపోయింది.

శుద్ధి చేసిన మురుగునీటితో పచ్చికను పెంచవచ్చు కదా అన్నది తర్వాతి ప్రశ్న, ఇది నిజంగా ఆలోచించదగినది. స్పెయిన్ 2007లో శుద్ధి నీటి వాడకానికి చట్టపు చట్రం తెచ్చింది. అందులో గోల్ఫ్ కోర్సుల తడుపుకూ చోటిచ్చింది. ఆండలూసియా ప్రభుత్వం 2008లో కొత్త కోర్సులకు ఆ నీటినే వాడాలని నియమం పెట్టింది. చిన్నమనూరు జనాభా 2011 లెక్కల్లో నలభై వేల పైచిలుకు. మనిషికి రోజుకు ఎనభై లీటర్ల చొప్పున వాడిన నీరంతా పట్టి శుద్ధి చేయగలిగితే, ఏడాదికి పదిలక్షల ఘనపు మీటర్లు దాటుతుంది. అది మూడు కోర్సులకు సరిపోతుంది. ఇందులో ఉన్న ‘పట్టి, శుద్ధి చేయగలిగితే’ అన్న మాటే అసలు ఖర్చు. ఊరి మురుగంతటినీ ఒకచోట చేర్చే భూగర్భ గొట్టాలు, శుద్ధి కేంద్రం, దాన్ని నిత్యం నడిపే మునిసిపాలిటీ కావాలి. అవన్నీ సిద్ధమైన రోజున ఆ నీటి మీద మొదటి హక్కు పక్కనున్న ద్రాక్షతోటదా, పచ్చికదా అన్న పాత ప్రశ్నే మళ్లీ లేస్తుంది. 2023లో కంబం పన్నీర్ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ కోతలిచ్చే ఆ తోట నీటికి ఇచ్చే ప్రతిఫలం చిన్నది కాదు.

ఉద్యోగాల మాట కూడా న్యాయంగా చూడాలి. తీర పర్యాటకంలో ఉన్న పెద్ద లోపం, రెండు నెలలు పని, పది నెలలు పస్తు. అల్గార్వ్‌లో గోల్ఫ్ దాన్ని చాలావరకు సరిచేసింది. పచ్చిక కోసేవాడికి, వంటవాడికి, డ్రైవరుకు ఏడాదంతా జీతం దొరికింది. మన కొండ హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లకు జూలైలో పని పోతుంది, ఏప్రిల్‌లో దొరుకుతుంది. వాళ్ల సంగతి ఆలోచించకుండా గోల్ఫ్ వద్దనడం సులువే. కాకపోతే ఆ మేలు జరగాలంటే ఆడేవాళ్లు ఖాళీ నెలల్లో రావాలి, అలా రావాలంటే వాళ్లకు దగ్గర్లో లక్షల్లో ఆటగాళ్లుండే దేశం కావాలి. మదురై నుంచి విదేశీ విమానాలు ప్రధానంగా వెళ్లేది కొలంబో, దుబాయి వంటి చోట్లకు. చలి నుంచి పారిపోవాలనుకునే ఐరోపా ఆటగాడికి దారిలోనే ఈజిప్టు, దుబాయి, ఆపైన థాయ్‌లాండ్ ఉన్నాయి. ఈ మూడింటినీ కాదని ఘాట్ రోడ్డు పట్టడానికి అతనికి గోల్ఫ్ తప్ప వేరే కారణం ఉండాలి. అలాంటి కారణాలు మనకు ఉన్నాయి. తేక్కడి ఏనుగులు, మేఘమలై తేయాకు, మదురై మీనాక్షి గుడి. కానీ వాటి కోసం వచ్చేవాడు కర్రల సంచి తెచ్చుకోడు. మేఘమలై వైపు అడవి 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల సంరక్షణ కేంద్రంలో భాగం. అక్కడ కొత్త మైదానం పరిచే ప్రసక్తే లేదు.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. లోయలో గదులు నిజంగా ఖాళీగా ఉండే నెలలు ఏవి? రెండు విడతలున్నాయి. అయ్యప్ప సీజను అయిపోయి, వేసవి సెలవులు ఇంకా మొదలవని ఫిబ్రవరి, మార్చి ఒకటి. ఆడి శనివారాలు తప్పిస్తే వారపు రోజుల్లో పెద్దగా జనం ఉండని జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండోది. అల్గార్వ్‌లో ఖాళీ నెలలు వానల నెలలు. అతిథి వచ్చే వేళకు పచ్చికకు నీరు పెద్దగా అక్కర్లేదు, గోల్ఫ్ అతిథి లేని వేసవిలో మాత్రం గడ్డిని బతికించుకోవడానికి పోయాలి. మనకు ఫిబ్రవరి, మార్చి వానలు ముగిసి మట్టం దిగుతూ ఉండే నెలలు. అతిథి వచ్చే రోజునే పైపు తెరవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సంగతి వేరు. కేరళ వైపు వాన పడుతుంది, ఇటువైపు గాలి వీస్తుంది, సురుళి జలపాతం నిండుగా దూకుతుంది, పెరియార్ నీరు కాలువల్లోకి వస్తుంది. ఆ నెలల్లో అతిథిని రప్పించడానికి ఏదో ఒకటి కావాలంటే, లోయ అంతా మొదటి పంట నారుతో పచ్చగానే ఉంటుంది. గోల్ఫ్ కోర్సుకు అనువైన చదును నేల, నీటికి దగ్గరగా ఉన్న నేల ఏదంటే, ఆ నారు వేసిన నేలే.